ఇయ్యాల కదిలిందా?

తొమ్మిది నెలలకీ కలిపి రెండే స్కాన్లని మా జీపీ, అంటే ఇక్కడ దేనికైనా ముందుగా చూపించుకునే డాక్టర్, చెప్పినప్పుడు నేను సరిగ్గా వినలేదేమోననుకున్నాను. మళ్ళీ అడిగాను. తెల్లజుట్టు, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు, ఏమాత్రం తొందరలేని మనిషి ఆవిడ. పన్నెండు వారాలు దాటాక ఒకటి, ఇరవయ్యో వారం దగ్గర ఒకటి, మధ్యలో ఏదైనా కారణం కనబడితే ఇంకోటి, లేకపోతే అంతే అని నిదానంగా మళ్ళీ చెప్పింది. నీ పాత సంగతి తెలుసు కాబట్టి ముందుగానే ఒకటి రాసిస్తాను అని అదనంగా ఒకటి ఇచ్చింది. అదేదో నాకు పెద్ద ఉపకారం చేసినట్టు నవ్వింది కూడా. నాకు ఒళ్ళు మండింది.

పాత సంగతి ఏమిటంటే, అంతకు ముందు ఏడాది నాకు ఒక కడుపు పోయింది. మొదటి స్కాన్‌కి మా ఆయనా నేనూ నవ్వుకుంటూ వెళ్ళాం. స్కాన్ చేసే అమ్మాయి మొదట్లో బాగానే కబుర్లు చెప్పింది. తర్వాత మాట తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చింది. గుండె ఆగి కొన్ని వారాలైందన్నారు. ఆ కొన్ని వారాలూ నేనేం చేశానో తెలుసా? పేర్లు వెతికాను. మామిడికాయ కోసం ఇండియన్ కొట్లన్నీ తిరిగాను. పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆఫీసులో మీటింగులకి కూర్చున్నాను. లోపల ఏమీ లేదని తెలియకుండా అన్ని రోజులు తల్లిలా తిరిగాను. పోయినందుకు ఏడ్చాను, కానీ తెలియకపోవడం మాత్రం నన్ను వదల్లేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మాసన్ లేక్స్ అనే పేటలో మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఆఫీసు. ఎవరైనా ఒక చిన్న ముక్క మార్చారంటే చాలు, మొత్తం మొదటినుంచీ మళ్ళీ పరీక్షించి చూసేదాకా నాకు నిద్ర పట్టదు. అలాంటి దానికి ఎనిమిది వారాలు చూడకుండా ఉండు, అంతా బాగానే ఉంటుంది అని చెబితే ఎలా నమ్ముతుంది? మా ఆయన మాత్రం నమ్మేశాడు. ఆయన సిటీలో ఫైనాన్స్ కంపెనీలో పనిచేస్తాడు. డాక్టర్ చెప్పింది కదా అనేది ఆయన తారకమంత్రం.

"డాక్టర్ చెప్పింది కదా. నువ్వు ఊకె ఎందుకు పరేషాన్ అయితున్నవ్?"

"నీ కడుపులో ఉంటే తెలిసేది," అనేదాన్ని.

ఇది చాలదన్నట్టు రెండు ఫోన్లు. ఒకటి గుంటూరునుంచి మా అమ్మది. ఇంకోటి కరీంనగర్‌నుంచి మా అత్తయ్యది. మా అమ్మకి స్కాన్లు తక్కువని బెంగ. మా పిన్ని కూతురికి నెలనెలా తీశారట, ఆఖర్లో వారం వారం తీశారట. "అదేం దేశమే, మిషన్లు లేవా వాళ్ళకి? పోనీ ఇక్కడికొచ్చెయ్, అన్నీ నేను చూపిస్తా," అనేది. మా అత్తయ్యకి స్కాన్లు ఎక్కువని బెంగ. "ఆ మిషన్ కింద మాటిమాటికి పండకు బిడ్డా. కిరణాలు తగుల్తయి," అనేది. కిరణాలు కాదత్తయ్యా, శబ్దం, మన చెవికి వినబడనంత సన్నటి శబ్దం లోపలికి పంపి, అది తగిలి తిరిగొస్తే దాన్ని బొమ్మగా చేస్తారు అని ఎన్నిసార్లు చెప్పానో. ఆవిడ అంతా విని, "ఏదైతేంది, లోపటికి పోతది గద," అనేది. ఫోన్ పెట్టేశాక నాకు రెండు భయాలూ ఉండేవి. చూడకపోతే ఏమవుతుందోనని ఒకటి, ఎక్కువ చూస్తే ఏమవుతుందోనని ఇంకోటి. ఒక భయం కాస్త తగ్గితే రెండోది తలెత్తేది.

జీపీ ముందుగా రాసిచ్చిన స్కాన్, పన్నెండు వారాల స్కాన్ రెండూ బాగున్నాయి. గుండె టకటకా కొట్టుకోవడం చూశాను. బొమ్మ ఫోన్లోకి తీసుకుని ఇద్దరికీ వాట్సాప్‌లో పంపాను. మా అమ్మ నిమిషంలో దాన్ని మా చుట్టాలందరికీ పంపేసింది. మా అత్తయ్య దగ్గర నీలం టిక్కులు పడ్డాయి కానీ ఒక మాట లేదు, ఒక దండం బొమ్మ కూడా లేదు. ఆ సాయంత్రం ఫోన్లో దాని ఊసే ఎత్తలేదు. తిన్నవా, పండుకున్నవా, అంతే. నాకు చివుక్కుమంది. ఆవిడ కొడుకు బిడ్డ కూడా కదా అది.

ఇరవయ్యో వారంలో ఇక్కడ చేసేదాన్ని మార్ఫాలజీ అంటారు. చాలాసేపు పట్టింది. ఒక నడివయసు మనిషి తల, వెన్ను, గుండె గదులు, కాళ్ళు, చేతులు అన్నీ కొలుచుకుంటూ పోయాడు. మాట్లాడలేదు. వాళ్ళు పని చేసేటప్పుడు మాట్లాడరని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. అన్నీ ఉన్నాయా, అన్నీ ఉన్నాయా అని మూడుసార్లు అడిగాను. మీ డాక్టర్ చెబుతుంది, కానీ నా మొహం చూడండి, నేనేమీ కంగారు పడటం లేదు కదా అన్నాడు. చివర్లో, పాపో బాబో తెలుసుకుంటారా అని అడిగాడు. మా ఆయనా నేనూ దొంగతనం చేస్తూ దొరికినట్టు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మన దగ్గర ఆ ప్రశ్న అడిగితే నేరమని గోడ మీద బోర్డు ఉంటుంది. వద్దండీ, వద్దు అని మా ఆయన ఎంత గట్టిగా అన్నాడంటే, అతను మాకేదో మత నియమం ఉందనుకుని క్షమించమన్నాడు.

మర్నాడు మా జీపీ అంతా సవ్యంగా ఉందని ఫోన్ చేసింది. నేను సంతోషంగా అమ్మకి చెప్పాను.

"అది సరే, టిఫా ఎప్పుడు?" అంది అమ్మ.

"టిఫా ఏంటి?"

"అదేనే, ఐదో నెల పడ్డాక తీస్తారు. అవయవాలన్నీ చూసేది. టిఫా. అందరికీ తీస్తారు."

"మార్ఫాలజీ చేశారమ్మా."

"అది వేరే అయ్యుంటుంది. టిఫా అంటే టిఫానే. అడుగు వాళ్ళని. అడక్కపోతే ఎవరూ చెయ్యరు."

అప్పుడు గుర్తొచ్చింది. మా ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళందరి నోటా విన్న మాటే. టిఫా అయిందా, టిఫాలో ఏమన్నారు, టిఫా బాగుందట. వదినలు, పక్కింటివాళ్ళు, నాతో చదువుకున్నవాళ్ళు అందరూ దాటి వచ్చిన ఒక గుమ్మం లాంటి మాట. నాకు ఆ గుమ్మం లేదని తోచగానే గుండె జారిపోయింది. జీపీ దగ్గరికి వెళ్ళి టిఫా ఎందుకు రాయలేదని అడిగాను. ఆవిడ ఆ మాట ఎప్పుడూ వినలేదంది. ఎలా రాస్తారని అడిగింది. నాకు తెలియదు. టీ, ఐ, ఎఫ్ అని ఏదో చెప్పాను. ఆవిడ కంప్యూటర్లో వెతికి, ఇలాంటిదేమీ మా దగ్గర లేదు, నీకు అన్నీ అయిపోయాయి అంది. డాక్టర్ అయ్యుండి టిఫా కూడా తెలియదా అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొచ్చి కార్లో కూర్చుని, ఈ దేశంలో పిల్లల్ని ఎలా కంటున్నారో అని మా ఆయన మీద అరిచాను.

ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో అడిగితే ఒక ఆంటీ ఇంకో సబర్బ్‌లో ఇంకో డాక్టర్ పేరు చెప్పింది. ఆయన దగ్గరికి వెళ్ళి, అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్ కావాలి, అది నాకు ఎవరూ చెయ్యలేదు అని చెప్పాను. ఆయన అడిగినదానికల్లా తలూపి చీటీ రాసిచ్చాడు. దాన్ని పట్టుకుని స్కాన్ సెంటర్‌కి వెళ్తే అక్కడ చేసేది ఒక మలయాళీ ఆవిడ. నా పాత బొమ్మలు తన కంప్యూటర్లో చూసి ఆగింది.

"ఇది మీకు పది రోజుల క్రితమే చేశారు కదా. మళ్ళీ ఎందుకు?"

"అది మార్ఫాలజీ అండీ. నాకు టిఫా కావాలి."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో పనిచేసిందట. ఆ మాట విని చాలా ఏళ్ళయిందంది. "రెండూ ఒకటే. అక్కడ టిఫా, ఇక్కడ మార్ఫాలజీ. మీరు చేయించుకున్న పరీక్షనే మళ్ళీ చెయ్యమంటున్నారు," అంది.

సిగ్గేసింది. కానీ సిగ్గు పడ్డంత మాత్రాన లేచి వచ్చేసే రకాన్ని కాదు నేను. ఎలాగూ వచ్చాను కదా, చెయ్యండి అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మా అత్తయ్య కిరణాల భయం చెప్పి, హాని ఏమైనా ఉందా అని అడిగాను. ఇన్నేళ్ళుగా చేస్తున్నాం, బిడ్డకి దీనివల్ల హాని జరిగిందని తేలలేదు, మీ అత్తగారు అనుకుంటున్నట్టు ఇవి కిరణాలు కావు అంది. అయినా ఆ శబ్దానికి లోపల కాస్త వేడి పుడుతుంది, అందుకే వీలైనంత తక్కువ జోరుతో, పనికి కావలసినంత సేపే చేస్తాం, ఊరికే చూడటానికని చెయ్యం అంది. అవసరమైతే మీరు వద్దన్నా చేస్తానంది. అంత దూరం వచ్చానని కాబోలు, గుండె మాత్రం రెండు క్షణాలు చూపించి తుడుచుకోమని టిష్యూ ఇచ్చింది.

ఆ రెండు క్షణాలకే నా ప్రాణం లేచి వచ్చింది. కారు పార్కింగ్ దాకా ఎంత హాయిగా నడిచానో. బెల్టు పెట్టుకుంటుంటే అనిపించింది, ఇప్పుడు? ఇప్పుడు కొట్టుకుంటోందా? అప్పుడు నాకే భయమేసింది. పన్నెండు వారాల స్కాన్ తర్వాత వారం నిబ్బరంగా ఉన్నాను. మార్ఫాలజీ తర్వాత ఒక్క రోజు. ఇప్పుడు పార్కింగ్ దాకా. ఇలా అయితే ఆ మిషన్ని మెడలో వేసుకుని తిరగాలి.

ఎండాకాలం వచ్చింది. భూగోళానికి కింది సగం కాబట్టి ఇక్కడ ఎండాకాలమంటే డిసెంబరు, జనవరి. ఎడారి మీదుగా ఉత్తరం గాలి వీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. పొద్దున్నే చల్లగా ఉండగా మా పేటలో చెరువు చుట్టూ నడిచేదాన్ని. ఇంట్లో ఉన్నా ఒకచోట కూర్చునేదాన్ని కాదు, వంటింటికీ హాలుకీ కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. అప్పటికి కడుపులో కదలిక తెలుస్తోంది. మొదట్లో గాలి బుడగలా, తర్వాత మోచేత్తో పొడిచినట్టు. అది కూడా నాకు ఊరట ఇవ్వలేదు. కదిలితే మరీ ఎక్కువ కదులుతోందేమిటని, కదలకపోతే ఎందుకు కదల్లేదని. ఆస్పత్రిలో నా నెలలు చూసే కానుపు నర్సు, ఇక్కడ మిడ్‌వైఫ్ అంటారు, వెళ్ళినప్పుడల్లా ఒకటే చెప్పేది. ఇన్నిసార్లు కదలాలని లెక్కేమీ లేదు, నీ బిడ్డ తీరు ఏమిటో నువ్వు తెలుసుకో, ఆ తీరు మారితే వెంటనే ఫోన్ చెయ్యి, స్కాన్ ఉందనో అపాయింట్‌మెంట్ ఉందనో ఆగకు. నేను తలూపి, సరేగానీ స్కాన్ ఎప్పుడు అనేదాన్ని.

మా అత్తయ్య రోజూ నా లంచ్ వేళకి ఫోన్ చేసేది. అక్కడ అప్పుడు తెల్లారి చాయ్ తాగే వేళ. వీడియోలో ఆవిడ మొహం సగమే కనబడేది, మిగతా సగం వంటింటి పైకప్పు. అడిగేది ఒకటే.

"ఇయ్యాల కదిలిందా బిడ్డా?"

"ఆఁ, కదిలింది అత్తయ్యా."

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దుగాల అంటే ఎప్పుడు? తిన్నంక కదిలిందా, తినకముందా?"

రోజూ ఇదే. ఆదివారం లేదు, పండగ లేదు. నేను ఎలా ఉన్నానో అడగదు, నడుము నొప్పి అడగదు, ఆఫీసు సంగతి అడగదు. ఇదేం హాజరుపట్టీ అని మా ఆయన దగ్గర ఏడ్చాను కూడా. "మా అమ్మ గంతే, ఏమనుకోకు," అన్నాడు. ఆయన ఎవరి గురించి చెప్పినా ఆ మాటే చెబుతాడు.

ముప్పై నాలుగో వారం దాటాక మిడ్‌వైఫ్ టేపుతో పొట్ట కొలిచి కాస్త చిన్నగా ఉన్నట్టుంది, ఎదుగుదల చూద్దాం అని స్కాన్ రాసింది. ఇన్నాళ్ళూ స్కాన్ కోసం కొట్లాడిన నాకు అది తనంతట తాను వచ్చేసరికి వద్దనాలనిపించింది. కానీ అంతా బాగుంది. బరువు బాగుంది, నీరు బాగుంది, రక్తం బాగా పారుతోంది. బొమ్మలో బిడ్డ బుగ్గ, ముక్కు, మూసిన గుప్పిట స్పష్టంగా కనబడ్డాయి. చిన్నగా ఉన్నది నా పొట్టేగానీ బిడ్డ కాదని డాక్టర్ నవ్వింది. ఆ బొమ్మ ఇద్దరికీ పంపాను. మా అమ్మ పొంగిపోయింది. అత్తయ్య దగ్గర మళ్ళీ నీలం టిక్కులు.

ఆ రాత్రి నేను నిజంగా నిద్రపోయాను. కొన్ని నెలల్లో మొదటిసారి. మర్నాడు ఇంటినుంచే పని. పాటలు పెట్టుకుని, ఊయలకి దుప్పట్లు ఉతికి ఆరేశాను. నాలోపల ఎప్పుడూ గిరగిర తిరిగేది ఏదో ఆగిపోయింది. ఎంత హాయో చెప్పలేను. లంచ్‌కి పెరుగన్నం కలుపుకుంటుంటే ఫోన్.

"ఇయ్యాల కదిలిందా?"

"నిన్ననే స్కాన్ తీశారు కదత్తయ్యా. ఫోటో పంపాను, చూశారుగా. అంతా బ్రహ్మాండంగా ఉంది."

"నిన్నటిది నిన్ననే అయిపాయె. ఇయ్యాల కదిలిందా?"

తిక్క రేగింది. కదిలింది అని అనబోయాను. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. పొద్దున లేచాక? కాఫీ తాగాక? కాఫీ తాగాక ఎప్పుడూ కుడిపక్క రెండు పొడుపులు ఉండేవి. బట్టలు ఆరేసేటప్పుడు? గుర్తు చేసుకుంటున్నకొద్దీ ఏమీ లేదు. నేను మాట్లాడకపోవడం చూసి అత్తయ్య ఫోన్ దగ్గరగా పెట్టుకుంది. మొదటిసారి ఆవిడ మొహం పూర్తిగా కనబడింది.

"చల్ల నీళ్ళు తాగి ఎడమ పక్కకు పండు" అంటుందేమోననుకున్నాను. అనలేదు.

"దవాఖానకు పో," అంది.

"కాసేపు చూస్తానత్తయ్యా. నిద్రపోతోందేమో. నిన్ననే కదా..."

"నిన్న అనకు. లే. చెప్పులేస్కో. నేను ఫోన్ పెట్ట."

ఆస్పత్రికి చెయ్యడానికి ఇంట్లో ల్యాండ్‌లైన్ లేదు, ఉన్నది ఒక్క ఫోనే. ఆవిడని ఆపి చెయ్యాల్సి వచ్చింది. మిడ్‌వైఫ్ రెండు ముక్కలు విని ఇప్పుడే రమ్మంది, బ్యాగు కోసం ఆగవద్దంది. మా ఆయనకి చెప్పాను. సిటీనుంచి నేరుగా అక్కడికే వస్తానన్నాడు. టాక్సీ ఎక్కేసరికి అత్తయ్య మళ్ళీ ఫోన్‌లో ఉంది. ఒడిలో ఫోన్, అందులో వంటింటి పైకప్పు, పక్కనెక్కడో కుక్కర్ కూతలు. చాలా కూతలు వచ్చాయి, ఆవిడ లేచి కట్టెయ్యలేదు. నేను పొట్ట పట్టుకుని పిలిచాను. పేరు పెట్టలేదు కాబట్టి ఏమని పిలవాలో తెలియక, లే నాన్నా, ఒక్కసారి, ఒక్కసారి అన్నాను. డ్రైవర్ అద్దంలోంచి చూసి వేగం పెంచాడు.

ఆస్పత్రిలో పొట్టకి రెండు బెల్టులు కట్టారు. టక టక టక అని గుండె వినబడింది. నేను గట్టిగా ఏడ్చేశాను. కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది కదా అన్నాను. మిడ్‌వైఫ్ నా చెయ్యి పట్టుకుంది కానీ నవ్వలేదు. మిషన్‌లోంచి వస్తున్న కాగితం వంకే చూస్తోంది. కొట్టుకుంటోంది, కానీ హెచ్చుతగ్గులు ఉండాలి, బాగున్న బిడ్డ గుండె ఒక్కలా కొట్టుకోదు అంది. కాగితం మీద గీత చాలాసేపు సాఫీగా వెళ్ళి ఒకచోట కిందికి జారింది. ఆవిడ గోడ మీద మీట నొక్కింది. గదినిండా మనుషులు. ఒక డాక్టర్ నా మొహం మీదకి వంగి, బిడ్డని ఇప్పుడే తియ్యాలి, సరేనా అంది. మా ఆయన మెడలో టైతోనే పరుగెత్తుకొచ్చాడు. స్కాన్ బాగుంది కదా నిన్న, నిన్న బాగుంది కదా అని ఆయన అడుగుతుండటం వినబడింది. ఎప్పుడూ డాక్టర్ చెప్పింది కదా అనే మనిషి.

పాప పుట్టింది. వెంటనే ఏడవలేదు. ఆ కాసేపూ నేను పైన దీపాలు చూస్తూ పడుకున్నాను, దేవుణ్ణి కూడా తలుచుకోలేదు, చెవులు తప్ప నాలో ఏమీ మిగల్లేదు. తర్వాత పిల్లి కూన గొంతుతో ఒక చిన్న ఏడుపు. మా ఆయన నా నుదుటి మీద నుదురు పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

బొడ్డుతాడులో ముడి పడింది. నిజం ముడి, దారానికి పడ్డట్టే. ఎప్పుడో చిన్నగా ఉన్నప్పుడు బిడ్డ దొర్లుతూ అందులోంచి దూరి వచ్చి ఉంటుందట. వదులుగా ఉన్నన్నాళ్ళూ ఏమీ కాలేదు, ఆ రోజు బిగిసింది. స్కాన్లో ఇది కనబడదా అని అడిగాను. చాలాసార్లు కనబడదు, కనబడినా ఎప్పుడు బిగుస్తుందో స్కాన్ చెప్పదు అంది డాక్టర్. ఇంకో రోజు ఆగి ఉంటే అని అడగబోయి ఆగిపోయాను. ఆవిడ అర్థం చేసుకుని, మీరు ఇవాళ రావడం మంచిదైంది అని మాత్రం అంది.

పాపని కొన్నాళ్ళు నర్సరీలో ఉంచి ఇచ్చారు. ఇంటికొచ్చిన వారానికి, మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక, మామూలు వేళకే అత్తయ్య ఫోన్. పాప పాలు తాగి నిద్రపోతోంది. నేను కొన్నాళ్ళుగా అడగాలనుకుంటున్నది అడిగేశాను.

"మీకెలా తెలిసిందత్తయ్యా?"

ఫోన్ కదిలింది, తలుపు వేసిన చప్పుడైంది.

"మీ ఆయనకంటె ముంగట నాకొక బిడ్డ ఉండె," అంది. "వానికి తెల్వదు. ఎవ్వలం చెప్పలే. ఎనిమిదో నెల. అప్పుడే హైదరాబాద్‌ల ఈ మిషన్ కొత్తగ వచ్చింది. మీ మామ బస్సుల తీస్కపోయి చూపిచ్చిండు. అంత మంచిగున్నదన్నరు, ఫోటో ఇచ్చిన్రు. ఇంటికొచ్చినంక రెండు దినాలు కదలలే. నాకు తెలుస్తనే ఉన్నది కదలతలేదని. చెప్పలే. అంత పెద్ద మిషన్ మంచిగున్నదని చెప్పినంక నేను కాదని ఎట్ల చెప్తనని ఊకున్న."

ఇన్నాళ్ళూ హాజరుపట్టీ అని తిట్టుకున్నది గుర్తొచ్చింది. అత్తయ్యా అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పటి గొంతుతోనే అంది.

"ఇయ్యాల కదిలిందా?"

ఫోన్ ఊయల వైపు తిప్పాను. పాప నిద్రలోనే కాలు జాడించి దుప్పటి తన్నేసింది. అత్తయ్య చాలాసేపు చూసింది.

"బిడ్డా, నువ్వు పంపిన ఫోటోలున్నయి గద. కడుపుల ఉన్నప్పటియి."

"ఉన్నాయి అత్తయ్యా. మళ్ళీ పంపనా?"

"వద్దు, ఫోన్లనే ఉన్నయి. మసక మసకగ. ఒత్తితేనే మంచిగ కనవడ్తయట గద, భయమయ్యి నేను ఒక్కటి గూడ ఒత్తలే," అంది. "నువ్వు పెట్టెయ్. ఇప్పుడు ఒత్తుకుంట కూసుంట."